ఆయన వేసిన హ్యాండ్‌బ్రేక్

ఇల్లు,
మార్చి 3

అన్నయ్యకు,

ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఏంటీ?" అంటావు, నేను వీధంతా వినేలా అరుస్తాను, చివరికి ఇద్దరం విసుక్కుని పెట్టేస్తాం. ముప్ఫై ఏళ్లు షెడ్డులో రేకులు కొట్టి చెవులు పోగొట్టుకున్న మెకానిక్కుకి ఉత్తరమే దిక్కు. అందుకే ఈ కాగితం.

సంగతి కారు గురించి. ఆయన పోయి రేపటికి నాలుగు నెలలు. రెండ్రోజులకోసారి ఇంజను ఆడించకపోతే బ్యాటరీ చచ్చిపోతుందని ఆయన అంటూ ఉండేవారు కదా, అందుకని పొద్దున్నే వెళ్లి, డ్రైవరు పక్కనుండే నా సీట్లోనే కూర్చుని, చెయ్యి చాపి తాళం తిప్పి ఐదు నిమిషాలు ఉంచుతున్నాను. స్టీరింగు వెనకాల ఒక ఎర్ర లైటు వెలుగుతోంది. గుండ్రంగా గీత, దాని మధ్యలో నిలువు గీత, కింద చుక్క. ఇంజను ఆడినంతసేపూ ఆరదు. అది బ్రేకులకి సంబంధించిందని పక్కింటి మాస్టారు అన్నారు.

ఇంకో సంగతి. మా వీధిలో నీటి పైపులు మార్చడానికి ఏప్రిల్ నెలాఖరున తవ్వుతారట. బళ్లన్నీ తీసెయ్యాలని గేటుకి కాగితం అంటించి పోయారు. తియ్యకపోతే గొలుసు కట్టి ఈడ్చుకెళ్తారట. పద్దెనిమిదేళ్ల బండి, ఈడిస్తే బంపరు చేతికొస్తుంది. నాకు డ్రైవింగు రాదని నీకు తెలుసు. ఎవరో ఒకర్ని పిలిచి తీయించుకోమని అందరూ చెబుతున్నారు. నాకు ఎవరో ఒకరు వద్దు. నువ్వు రా. మూడు గంటల దారి.

ఆయన పోయిన రోజు వచ్చినప్పుడు కూడా నువ్వు కారు వైపు చూడలేదు. ఎవరింటికెళ్లినా మనుషుల్ని పలకరించకముందే బండి టైర్లు తన్ని చూసే మనిషివి. నాకది గుర్తుండిపోయింది.

వంటింటి కిటికీకి తెర లేదు. కూర తరుగుతున్నా గిన్నెలు కడుగుతున్నా ఎదురుగా కారే. చూడకుండా ఉందామన్నా కుదరదు.

నీ చెల్లెలు


షెడ్డు,
మార్చి 9

నసమ్మకు,

చిన్నప్పుడు నా సైకిలు వెనకాల ఎక్కించుకోమని నస, ఇప్పుడు లైటు గురించి నస. నీకు పెట్టిన పేరు ఊరికే పోలేదు.

కంగారుపడకు. ఆ లైటుకి కారణాలు చాలా ఉండవు. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటే వెలుగుతుంది. బ్రేకు ఆయిలు తగ్గినా వెలుగుతుంది. ఈ రెండూ కాకపోతే, వాటిని కనిపెట్టే తీగల్లో ఏదో తేడా. ఇదే వరసలో చూసుకుంటూ రా. ముందు హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించి లైటు ఆరిందేమో చూడు. ఆరకపోతే బానెట్ ఎత్తి, డ్రైవరు వైపు వెనకాల ఉన్న తెల్ల డబ్బా చూడు. దాని మీద రెండు గీతలుంటాయి, ఆయిలు వాటి మధ్య ఉండాలి. తగ్గితే నువ్వు పొయ్యకు. ఎందుకు తగ్గిందో తెలియకుండా పోస్తే లైటు ఆరుతుంది గాని రోగం అలాగే ఉంటుంది.

నా దగ్గర కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు చెప్పేది ఒకటే. లక్షణం చూసి చేతికందిన భాగాన్ని బాగుచేసెయ్యకండి అంటాను. చూసిన భాగం బాగానే ఉందంటే తప్పు ఇంకోచోట ఉందని అర్థం. అక్కడితో నవ్వేసి వదిలేసేవాడు పానా పట్టుకోవడానికి పనికిరాడు.

రావడం ఈ నెల పడదు. లిఫ్టు మీద రెండు బళ్లున్నాయి. మోకాలు కూడా బాగా లేదు.

అన్నయ్య


ఇల్లు,
మార్చి 15

పానా పట్టుకోవడానికి పనికొచ్చే అన్నయ్యకు,

హ్యాండ్‌బ్రేక్ దించే ఉంది. అది కాదు.

ఆయిలు చూశాను. బానెట్ ఎత్తడానికే అరగంట పట్టింది. లోపల మీట లాగితే టప్పుమంది గాని రెండంగుళాలు లేచి ఆగిపోయింది. ముందు వైపు వేలు పెట్టి తియ్యాల్సిన కొక్కెం ఇంకోటుందట, ఆ ముక్క నువ్వు రాయలేదు. మాస్టారొచ్చి తీసిపెట్టారు. డబ్బాలో ఆయిలు రెండు గీతల మధ్యే, పై గీతకి కాస్త కిందుంది. కారు కింద పాత పేపర్లు పరిచి ఒక పగలంతా ఉంచాను. ఒక్క చుక్క పడలేదు.

డాష్‌బోర్డు అరలో ఆయన తుడుపు గుడ్డ దొరికింది. నాలుగు మడతలు, అంచుకి అంచు. ఇంట్లో తువ్వాలు ఎప్పుడైనా అలా మడిచారేమో అడుగు.

మోకాలికేమైంది? ఎప్పట్నుంచి?

నీ చెల్లెలు


షెడ్డు,
మార్చి 20

నసమ్మకు,

కొక్కెం సంగతి రాయకపోవడం నా తప్పే. రోజుకి పది బానెట్లు ఎత్తేవాడికి అది చెప్పాల్సిన విషయంలా అనిపించదు.

ఆయిలు తగ్గలేదు, కారడం లేదు. మంచిదే. ఇక తీగలు. ఆ తెల్ల డబ్బా మూత మీద రెండు తీగలతో ఒక ప్లగ్గుంటుంది. ఇంజను ఆడుతుండగా దాన్ని ఊడదీయి, షాకేమీ కొట్టదు. లైటు ఆరిందంటే తప్పు ఆ మూతలోది. ఆరకపోతే తప్పు హ్యాండ్‌బ్రేక్ దగ్గరిది. మళ్లీ అడుగుతున్నాననుకోకు, పూర్తిగా దించావా? ఒక్క టిక్కు పైకి లేచి ఉన్నా ఆ లైటు వెలుగుతుంది.

మీ వీధి చివర మెకానిక్ ఉండాలిగా. అతన్ని పిలు, పది నిమిషాల పని. కారు కూడా అతనే తీసిపెడతాడు. మోకాలు అలాగే ఉంది.

అన్నయ్య


ఇల్లు,
మార్చి 27

అన్నయ్యకు,

ప్లగ్గు ఊడదీశాను. ఆరలేదు.

మెకానిక్ వచ్చాడు. నెమ్మదైన మనిషే. డ్రైవరు వైపు తలుపు తీసి, లోపలికి వంగి చెయ్యి పెట్టబోయాడు. నేను అరిచాను. ఎంత గట్టిగా అంటే మాస్టారు గోడ మీంచి తొంగి చూశారు. పాపం, అతను రెండు చేతులూ పైకెత్తేశాడు. సంచి భుజాన వేసుకుని వెళ్తూ, "అమ్మా, మీకు కావాల్సింది మెకానిక్ కాదమ్మా" అన్నాడు. వెటకారంగా కాదు, మెల్లగానే అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇదంతా నీవల్లే. నువ్వొస్తే సరిపోయేది కదా.

నీ చెల్లెలు


షెడ్డు,
మార్చి 31

అమ్మలూ,

ఆయిలుంది. ఎక్కడా కారడం లేదు. ప్లగ్గు తీసినా లైటు ఆరలేదు. ఇక మిగిలింది ఒక్కటే. లైటు నిజమే చెబుతోంది.

నువ్వు హ్యాండ్‌బ్రేక్ దించలేదు.

ఎందుకో రాయి. తిట్టను.

అన్నయ్య


ఇల్లు,
ఏప్రిల్ 3

అన్నయ్యా,

దించలేదు. ఒక్కసారి కూడా దించలేదు. లైటు ఎందుకు వెలుగుతోందో నాకు మొదటిరోజే తెలుసు. పద్దెనిమిదేళ్లు ఆ పక్క సీట్లో కూర్చున్నదాన్ని, ఆమాత్రం తెలియదా? నిన్ను రప్పించడానికి ఇంకో సాకు దొరకలేదు.

ఆ బ్రేకు ఆయన వేసింది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. చొక్కాలు బుద్ధిలేక ఉతికేశాను. కళ్లజోడు ఎవరో సర్దేశారు, కనబడటం లేదు. ఆయన చేత్తో పెట్టింది పెట్టినట్టుగా ఉన్నది ఆ లివరొక్కటే. దించితే అదీ పోతుంది. నాకు చేతులు రావడం లేదు.

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు. మా ఇద్దరికీ మాటా మాటా వచ్చినప్పుడల్లా ఆయన వెళ్లి కారులో కూర్చునేవారు. రేడియో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని. కారు కొన్న కొత్తలో ఒకసారి పిలవడానికి వెళ్తే గొడవ రెట్టింపైంది. అప్పట్నుంచి నేను వెళ్లకూడదని నియమం. కోపం దిగాక ఆయనే వచ్చి, "టీ ఉందా?" అంటారు. ఉందంటాను. అంతటితో గొడవ అయిపోయినట్టు.

ఆ రోజు గొడవ కర్టెన్ రాడ్డు గురించి. వంటింటి కిటికీకి బిగించమని మూడు వారాలుగా అడుగుతున్నాను. రేపన్నారు, ఎల్లుండన్నారు. మధ్యాహ్నం నాకు ఒళ్లు మండింది. "మీకున్నంత బద్ధకం ఎవరికీ ఉండదు. నన్ను కాదు, ఆ కారుని కట్టుకోవాల్సింది" అన్నాను. కారు తీసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం కారొచ్చి ఆగిన చప్పుడైంది. దిగలేదు. రేడియో వినిపిస్తోంది. కిటికీలోంచి చూశాను, తల వెనక్కి వాల్చి ఉన్నారు. అలిగారులే, కూర్చోనీ అనుకున్నాను.

టీ పెట్టి మూత పెట్టాను. చల్లారితే మళ్లీ వేడి చేశాను. గంటన్నర, అన్నయ్యా. ముప్ఫై అడుగులు కూడా ఉండదు ఆ దూరం. చివరికి మాస్టారు వెళ్లి అద్దం మీద కొట్టారు.

ఆయన నా మీద కోపంతోనే పోయారు. నా నోటి నుంచి ఆయన విన్న ఆఖరి మాట అదే.


షెడ్డు,
ఏప్రిల్ 6

అమ్మలూ,

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. నాకు తెలిసిందే రాస్తున్నాను.

తెల్ల టేపు ముక్క ఒకటి తీసుకో. లివరు ఇప్పుడెంత ఎత్తులో ఉందో, సరిగ్గా ఆ ఎత్తున సీటు పక్కన అంటించు. అది ఆయన చోటు. ఇక అది ఎక్కడికీ పోదు. తర్వాత లివరు కొంచెం పైకి లాగి, కొసనున్న బొత్తాం నొక్కి, మెల్లగా కిందికి దించు. ఇంటి ముందు వాలు లేదు, బండి కదలదు. లైటు ఆరిందో లేదో చూసుకో. మళ్లీ ఎత్తాలనిపిస్తే టేపు దాకా ఎత్తుకో. ఎత్తుతుంటే టిక్కుమంటుంది, ఎన్ని టిక్కులకి టేపు దగ్గరికొస్తుందో లెక్కపెట్టుకుంటే కళ్లు మూసుకుని కూడా ఆయన చోటుకి తేగలవు.

ఇంకెవరినీ ముట్టుకోనివ్వకు. నువ్వే చెయ్యి.

అన్నయ్య


ఇల్లు,
ఏప్రిల్ 9

అన్నయ్యా,

చేశాను. మొదటిసారి ఆయన సీట్లో కూర్చున్నాను. సీటు ఎంత వెనక్కి ఉందో, నా కాళ్లు దేనికీ అందలేదు. బొత్తాం నొక్కి ఒక పావుగంట అలాగే పట్టుకున్నాను. తర్వాత దించాను. లైటు ఆరిపోయింది. అంత తేలిగ్గా ఆరిపోతుందా అని కోపమొచ్చింది. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. హారను మోగింది. మాస్టారు పరుగెత్తుకొచ్చారు. ఆ ఏడుపులోనే ఇద్దరం నవ్వాం.

మళ్లీ ఎత్తి లెక్కపెట్టాను. మూడు టిక్కులు. రెండోసారి, మూడోసారి కూడా మూడే. ఎప్పుడూ ఏడు లాగేవారు, గుర్తుందా? "కారేమైనా మనల్ని వదిలి పారిపోతుందా" అని ఏడిపించేదాన్ని. ఆఖరి వారంలో నీ షెడ్డుకొచ్చి గ్రీజు పెట్టించుకొచ్చి, "మీ అన్నయ్య వెన్నలా చేశాడు" అన్నారు. అందుకే మూడుకే పట్టేసిందన్నమాట. నీ చేతి మహిమ.

ఈ మాట రాయగలిగినందుకు నాకే ఆశ్చర్యంగా ఉంది. కొంచెం తేలికపడ్డాను. ఇప్పుడైనా వస్తావా?

నీ నసమ్మ


షెడ్డు,
ఏప్రిల్ 12

అమ్మలూ,

మూడు అన్న చోట ఆగిపోయాను. పొద్దున్నుంచి ఏ పనీ చెయ్యలేదు.

గ్రీజు వల్ల టిక్కులు తగ్గవు. గ్రీజు పెడితే లివరు మెత్తగా వస్తుంది, అంతే. లెక్క మారాలంటే లివరు నుంచి చక్రాలకి వెళ్లే కేబుల్ బిగించాలి. నేను బిగించలేదు. ఎందుకంటే దానికి ఏ రోగమూ లేదు.

బావ ఆ రోజు ఎందుకొచ్చాడో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. "బావా, ఈ హ్యాండ్‌బ్రేక్ బిగుసుకుపోయింది. వేస్తుంటే ఎడమ భుజం దాకా నొప్పి వస్తోంది" అన్నాడు. నేను సీట్లో కూర్చుని లాగి చూశాను. రెండు వేళ్లకి వచ్చింది. మళ్లీ లాగాను, మళ్లీ రెండు వేళ్లకే. లివరు బాగుంది. నేను ముప్ఫై ఏళ్లుగా అందరికీ చెప్పేది నీకు రాశానే, చూసిన భాగం బాగుంటే తప్పు ఇంకోచోట ఉందని. ఆ రోజు నా ఎదురుగా నిలబడి భుజం రుద్దుకుంటున్నాడు మనిషి. నేను నవ్వాను. "లివరుకేం కాలేదు బావా, నీకే వయసైపోయింది" అన్నాను. ఆయనా నవ్వాడు. ఊరికే పంపడమెందుకని కేబుల్‌కి గ్రీజు పెట్టాను. "నొప్పి సంగతి మీ చెల్లెలికి చెప్పకు, డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుంది" అన్నాడు. సరేనన్నాను. అప్పుడు కూడా నాకు తట్టలేదు.

ఆరో రోజు మాస్టారు ఫోనులో, బావ గుండె ఆగిపోయిందని అరిచి చెప్పారు. ఒక్క మాటలో అర్థమైంది, రెండోసారి చెప్పమని అడగలేదు.

అందుకే కారు వైపు చూడలేదు. లిఫ్టు మీద బళ్లేమీ లేవు. మోకాలికేమీ కాలేదు. ఆ సీట్లో కూర్చుని ఆ లివరు పట్టుకోవాలంటే నాకు భయం.

ఇంకొకటి నీకు తెలియాలి. కోపమొచ్చిన మనిషి బ్రేకు గట్టిగా లాగుతాడు. ఏడు లాగే బావ అలిగితే ఎనిమిది లాగుతాడు. మూడు లాగాడంటే అంతకు మించి చెయ్యి లేవలేదన్నమాట. ఇంటి ముందుకొచ్చేసరికే ఒంట్లో శక్తి అయిపోయిందమ్మా. ఆయన అలిగి కూర్చోలేదు. దిగి నీ దగ్గరికి రావడానికే బ్రేకు వేశాడు.

నన్నేమన్నా పడతాను.


షెడ్డు,
ఏప్రిల్ 22

అమ్మలూ,

పది రోజులైంది. నీ నుంచి ఏమీ లేదు. రాయకపోతే రాయకు, నీకా హక్కుంది.

నెలాఖరు దగ్గరపడింది. నాకు తెలిసినతను ఒకడున్నాడు, జాగ్రత్తగా నడుపుతాడు. పంపించమంటావా? నన్ను చూడాల్సిన పని లేకుండా కారు తీసి నువ్వన్నచోట పెట్టి వస్తాడు.

అన్నయ్య


ఇల్లు,
ఏప్రిల్ 25

అన్నయ్యకు,

రాస్తే ఏం రాస్తానోనని నాకే భయమేసి రాయలేదు. మొదటి మూడు రోజులు నిన్ను తిట్టిన తిట్లు ఈ వంటింటి గోడలకి తెలుసు. ఒక్క ఫోను, అన్నయ్యా. నీ చెవులు వినకపోతేనేం, నీ నోరు పనిచేస్తుందిగా. "బావకి భుజం నొప్పట, చూసుకో" అంటే చాలు. ఆయన్ని కూడా తిట్టాను. నీతో చెప్పుకుని నా దగ్గర దాచారని. పోయిన మనిషిని అన్ని మాటలు అనొచ్చో లేదో తెలియదు, అనేశాను.

నాలుగో రోజు గిన్నెలు కడుగుతూ కిటికీ పైకి చూశాను. రాడ్డు కోసం గోడకి పెన్సిలుతో పెట్టిన రెండు గుర్తులున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. అది బిగించాలంటే కుర్చీ ఎక్కి రెండు చేతులూ తలపైకి ఎత్తాలి. ఆయన ఎక్కారు, అన్నయ్యా. గొడవకి వారం ముందు, కుర్చీ ఎక్కి, రాడ్డు సగం దాకా ఎత్తి, దించేసి, దిగిపోయారు. స్క్రూలు నా చేతిలో పెట్టి, "రేపు చూద్దాం" అన్నారు. ముఖం చెమటతో తడిసి ఉంది. పనికి బద్ధకమైతే చెమట కూడా పడుతుందా అని వేళాకోళమాడాను.

మూడు వారాలు చెయ్యి లేవక వాయిదా వేస్తుంటే నేను బద్ధకమన్నాను. నీకు లివరు రెండు వేళ్లకి వచ్చింది. నా కళ్ల ముందు మనిషి కుర్చీ దిగాడు. ఇద్దరం చూశాం. ఇద్దరికీ నవ్వులాటే అయింది. కాబట్టి నిన్నొక్కణ్ణే బోనులో నిలబెట్టే అధికారం నాకు లేదు.

క్షమించానని రాయను. ఆ మాట ఇంకా నోట రావడం లేదు, నీ విషయంలోనూ, నా విషయంలోనూ. కానీ ఆయన కోపంతో పోలేదన్నావే, ఆ ఒక్క మాట రోజుకి పదిసార్లు చదువుకుంటున్నాను. అది చదివిన ప్రతిసారీ ఇంకో సంగతి తెలుస్తుంది. కోపం లేని మనిషి అక్కడ కూర్చుని నేను వస్తానేమోనని చూసి ఉంటారు. నేను టీ వేడి చేసుకుంటూ కూర్చున్నాను. దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు. నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను?

నీకు తెలిసినతన్ని పంపకు. లివరు మళ్లీ టేపు దాకా ఎత్తి ఉంచాను. మూడు టిక్కులు. లైటు వెలుగుతోంది. అది నువ్వే దించాలి, పక్క సీట్లో నేనుంటాను. కారు తీశాక లోపలికొచ్చి ఆ రాడ్డు బిగించు. చేతులు పైకెత్తినప్పుడు నొప్పేమైనా ఉంటే దాచావంటే ఊరుకోను. సోమవారం ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, పేర్లు రాయించేశాను.

ఆదివారం పొద్దున్నే రా. నీ సంగతి నాకు తెలుసు. వచ్చి, దిగడానికి మనసు రాక నీ వ్యానులోనే కూర్చుండిపోతావు. ఎంతసేపైనా కూర్చుంటావు. కానీ మా ఇంట్లో ఆ నియమం ఇప్పుడు లేదు. కిటికీకి తెర కూడా లేదు. నువ్వు కనిపించగానే స్టవ్వు మీద ఏముంటే అది వదిలేసి, నేనే వచ్చి తలుపు తీస్తాను.

నీ నసమ్మ